జామర్ పెడితే డ్రోన్ ఎందుకు ఆగదు?

ప్రశ్న: ఆపరేషన్ సిందూర్ రోజుల్లో పాకిస్తాన్ ఒకే రాత్రి వందల డ్రోన్లు పంపిందని చదివాం. ఉక్రెయిన్‌లో ఇది రోజువారీ సంగతి అయిపోయింది. జీపీఎస్ సంకేతాలను అడ్డుకుంటే ఇవన్నీ దారితప్పి పడిపోవాలి కదా? ఇన్ని రాడార్లూ క్షిపణులూ ఉండి కూడా వీటిని పూర్తిగా ఎందుకు ఆపలేకపోతున్నారు? నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఈ రంగంలోకి రావాలంటే దేనిమీద దృష్టి పెట్టాలి?

సమాధానం:

ముందు సూటిగా జవాబు చెప్పి, తర్వాత వివరాల్లోకి వెళతాను. జీపీఎస్‌ను అడ్డుకుంటే కొన్ని డ్రోన్లు దారి తప్పుతాయి, కొన్ని తప్పవు. జీపీఎస్‌తో అసలు పనే లేనివి ఏటికేడు పెరుగుతున్నాయి. ఇక రాడార్లు, క్షిపణుల సంగతి. గురి కుదిరాక కూల్చడం పెద్ద కష్టం కాదు. సమయానికి కనిపెట్టడం కష్టం. కనిపెట్టినదాన్ని దాని ధరకు తగిన ఖర్చుతో కూల్చడం ఇంకా కష్టం. రాడార్ సంకేతాల విశ్లేషణలో ఉద్యోగ జీవితం గడిపినవాడిగా నాకు ఈ మాట మీదే పట్టింపు ఎక్కువ. టీవీ చర్చలన్నీ క్షిపణి ఎంత వేగంగా పోతుంది, ఎంత దూరం పోతుంది అన్న దగ్గరే ఆగిపోతాయి. దాన్ని ముందుగా ఎవరు చూస్తారు, ఎన్ని నిమిషాల ముందు చూస్తారు అన్న ప్రశ్న ఎవరూ వేయరు. రక్షణ నిలిచేదీ కూలేదీ అక్కడే.

ఎగిరే ఆయుధం ఏదైనా మూడు సంగతులు తెలుసుకుంటూ ఉండాలి. తాను ఇప్పుడు ఎక్కడ ఉంది, లక్ష్యం ఎక్కడ ఉంది, ఆ రెంటికీ మధ్య తేడా తగ్గాలంటే తన రెక్కలను, తోకను ఎటు ఎంత తిప్పాలి. గైడెన్స్ అంటే ఇంతే. ఈ మూడింటిలో ఏదో ఒకదాన్ని చెడగొట్టడమే జామర్, అంటే రేడియో సంకేతాలను అడ్డుకునే పరికరం, చేసే పని. చెడగొట్టడానికి వీల్లేని విధంగా ఆ సమాచారం లోపలే ఉంటే జామర్‌కు చేతనయ్యేది ఏమీ లేదు.

1944 జూన్ 13న లండన్ మీద పడటం మొదలుపెట్టిన జర్మన్ వీ-1 దీనికి తొలి పాఠం. పైలట్ లేని చిన్న జెట్ విమానం అది. దిక్కు పట్టడానికి గైరోస్కోపు, దాన్ని సరిదిద్దడానికి అయస్కాంత దిక్సూచి, ఎత్తు తెలుసుకోవడానికి వాయుపీడన మాపకం ఉండేవి. ముక్కు దగ్గర గాలికి తిరిగే చిన్న ప్రొపెల్లర్ ఉండేది. అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, ముందుగా నిర్ణయించిన సంఖ్య పూర్తికాగానే విమానం ముక్కు కిందికి వంచుకుని పడిపోయేది. దారి చెప్పే రేడియో సంకేతం దానికి అవసరమే లేదు కాబట్టి జామ్ చేయడానికీ ఏమీ లేదు. మరి బ్రిటిష్‌వాళ్లు ఎలా ఆపారు? ఆ జూలైలో విమాన విధ్వంసక ఫిరంగులను లండన్ పొలిమేరల నుంచి సముద్ర తీరానికి తరలించారు. వాటికి కొత్త రాడార్‌ను, గురి లెక్కకట్టే యంత్రాన్ని జోడించారు. లక్ష్యానికి దగ్గరగా రాగానే తనంతట తానే పేలే ఫ్యూజు ఉన్న గుండ్లు వాడారు. ముందుగా చూడటం, త్వరగా లెక్కకట్టడం, చవకైన గుండుతో కొట్టడం. 80 ఏళ్ల తరువాత ఉక్రెయిన్ రాత్రుల్లో జరుగుతున్నదీ చాలావరకు ఇదే.

ఇప్పుడు లోపలి సమాచారం ఎంతవరకు నమ్మదగ్గదో చూద్దాం. క్షిపణిలో యాక్సిలరోమీటర్లు, గైరోస్కోపులు ఉంటాయి. వేగంలో ప్రతి మార్పునూ కొలిచి, దాన్ని ఒకసారి సమాకలనం చేస్తే వేగం, రెండోసారి చేస్తే దూరం వస్తాయి. దీన్నే ఇనర్షియల్ నావిగేషన్ అంటారు. బయటి ప్రపంచంతో మాటామంతీ అక్కర్లేదు. దీనికి ఉన్న జబ్బల్లా ఒకటే, చిన్న తప్పు కాలంతోపాటు పెద్దదవుతుంది. లెక్క వేసి చూడండి. యాక్సిలరోమీటరులో భూమ్యాకర్షణలో వెయ్యో వంతు స్థిరమైన దోషం ఉందనుకుందాం, అంటే సుమారు సెకనుకు సెకనుకు 0.01 మీటరు. 100 సెకన్లు ఎగిరాక స్థానంలో తప్పు 50 మీటర్లు. 1,000 సెకన్లు ఎగిరితే సుమారు 5 కిలోమీటర్లు. కాలం పదింతలైతే తప్పు వందింతలవుతుంది. అందుకే కొద్ది నిమిషాల్లో పని ముగించే బాలిస్టిక్ క్షిపణికి మంచి ఇనర్షియల్ వ్యవస్థ దాదాపు సరిపోతుంది. గంటల తరబడి నెమ్మదిగా ఎగిరే డ్రోన్‌కు సరిపోదు, దానికి మధ్యమధ్యలో ఎవరో ఒకరు ‘నువ్వు ఇక్కడ ఉన్నావు’ అని చెప్పాలి.

మంచి గైరోస్కోపు విలువేమిటో మన దేశానికి బాగా తెలుసు. 1987లో ధనిక దేశాలు కూడబలుక్కుని క్షిపణి సాంకేతికత నియంత్రణ వ్యవస్థను తెచ్చాయి. ఆ మరుసటి సంవత్సరమే, 1988 ఫిబ్రవరి 25న, శ్రీహరికోట నుంచి పృథ్వి క్షిపణి తొలిసారి ఎగిరింది. ఆ తర్వాత నావిగేషన్ పరికరాలు బయట కొనుక్కునే దారులు ఒక్కొక్కటిగా మూసుకుపోయాయి. హైదరాబాద్‌లోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ లాంటి ప్రయోగశాలలు వాటిని సొంతంగా చేసుకోవలసి వచ్చింది. ఆ నియంత్రణ వ్యవస్థలో భారత్‌కు సభ్యత్వం దొరికింది 2016లో. ఆ నడుమ ఏళ్లలో పనిచేసినవాళ్ల కష్టం గురించి తెలుగువాళ్లకే సరిగా తెలియదన్నది నా బాధ.

జీపీఎస్ ఈ జబ్బుకే మందుగా వచ్చింది. ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి సంకేతాలు పంపుతాయి. అవి నేలకు చేరేసరికి ఎంత బలహీనపడతాయో ఊహించడం కష్టం. ఒక వాటును కోటి కోట్ల భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మళ్లీ వంద ముక్కలు చేస్తే వచ్చే ఒక్క ముక్క, దాదాపు అంత శక్తి మీ ఫోను యాంటెన్నాకు అందుతుంది. అది రిసీవర్‌లోని సహజమైన రొద కంటే కూడా కిందే ఉంటుంది. సంకేతం ఏ వరుసలో వస్తుందో ముందే తెలుసు కాబట్టి రొదలోంచి దాన్ని ఏరి తీయగలుగుతున్నాం. ఇంత బలహీనమైనదాన్ని నేలమీద ఉన్న కొద్ది వాట్ల ట్రాన్స్‌మిటర్ ఎన్నో కిలోమీటర్ల వరకు ముంచేయగలదు. ఇక్కడివరకు మీరు అనుకున్నది నిజమే. ఉక్రెయిన్‌కు అమెరికా ఇచ్చిన, జీపీఎస్‌తో దారి పట్టే ఎక్స్‌కాలిబర్ ఫిరంగి గుండ్లు మొదట్లో మీటర్ల తేడాతో లక్ష్యాన్ని కొట్టేవి. రష్యా జామింగ్ పెరిగాక వాటి గురి బాగా దెబ్బతిన్నదని 2024లో వార్తలు వచ్చాయి.

దీనికి విరుగుడు చాలా తెలివైనది. ఒక యాంటెన్నాకు బదులు నాలుగైదింటిని పక్కపక్కన పెడతారు. ఒకే సంకేతం ఒక్కో యాంటెన్నాకు కొద్ది తేడాతో చేరుతుంది. ఆ తేడాను బట్టి అది ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుస్తుంది. ఉపగ్రహాలు ఆకాశంలో ఉంటాయి, జామర్ నేలమీద ఉంటుంది. కాబట్టి నేల నుంచి వచ్చే బలమైన సంకేతం దిక్కుకు చెవి మూసేసి, పై నుంచి వచ్చేవాటినే వినేలా ఒక్కో యాంటెన్నా సంకేతాన్ని ఎంత మేరకు కలపాలో గణితంతో సర్దుతారు. ఎన్ని యాంటెన్నాలు ఉంటే అంతకంటే ఒకటి తక్కువగా అన్ని జామర్లను ఇలా తప్పించవచ్చు. ఇరాన్ షాహెద్-136 నమూనాతో రష్యా తయారుచేస్తున్న గెరాన్-2 డ్రోన్లలో కొమెటా అనే ఇలాంటి పరికరం దొరికింది. మొదట నాలుగు యాంటెన్నాలతో వచ్చింది. ఉక్రెయిన్ జామర్ల సంఖ్య పెంచింది. దానిలో యాంటెన్నాలు ఎనిమిది అయ్యాయి, తర్వాత పదహారు అయ్యాయి. ఈ పోటీని దగ్గరగా చూస్తే ‘జామర్ పెట్టేస్తే సరి’ అన్న మాట ఎంత తేలికైనదో అర్థమవుతుంది. రెండు వైపులా ఇంజనీర్లే ఉన్నారు. ఒకరు చేసిన మార్పుకు ఇంకొకరి జవాబు నెలల్లో వస్తోంది.

సంకేతాన్ని ముంచడం కంటే నమ్మించి మోసగించడం ఇంకో పద్ధతి. నకిలీ ఉపగ్రహ సంకేతాన్ని అసలుదానికి సరిగ్గా అతికేలా పంపి, క్రమంగా పక్కకు లాగుతారు. 2012లో టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలోని వైట్ శాండ్స్ దగ్గర ఒక చిన్న డ్రోన్ హెలికాప్టర్‌ను ఇలా దారి మళ్లించి చూపించారు. ఉక్రెయిన్ వాయుసేన రోజువారీ ప్రకటనల్లో ‘కూల్చినవి’ పక్కనే ‘ఆచూకీ కోల్పోయినవి’ అని ఇంకో అంకె ఉంటూ వచ్చింది. అందులో చాలాభాగం ఇలా జామింగ్‌కు, మోసానికి లోనై ఎక్కడో పొలాల్లో పడినవీ, బెలారుస్‌లోకి వెళ్లిపోయినవీ. పద్ధతి బాగానే పనిచేస్తోందన్నమాట. కానీ దీనికి ఒక మూల్యం ఉంది. ఆ ప్రాంతంలో ఎగిరే ప్రయాణికుల విమానాలు, తీరంలోని ఓడలు కూడా అదే అబద్ధాన్ని వింటాయి. శాంతి సమయంలో నగరం మధ్యలో దీన్ని ఇష్టం వచ్చినట్లు వాడలేం.

మూడో దారి కళ్లతో చూసి పోల్చుకోవడం. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా ప్రయోగించిన టోమహాక్ క్షిపణులకు జీపీఎస్ లేదు. కింది నేల ఎత్తుపల్లాలను రాడార్ ఆల్టిమీటర్‌తో కొలుచుకుంటూ, లోపల దాచిన పటంతో పోల్చుకుంటూ వెళ్లాయి. లక్ష్యం దగ్గరపడ్డాక కెమెరాతో కింది దృశ్యాన్ని చూసి, ముందే ఇచ్చిన బొమ్మతో సరిపోల్చుకున్నాయి. ఆ రోజుల్లో ఇది లక్షల డాలర్ల క్షిపణికే సాధ్యమైన భోగం. ఒక్కో దారికి పటం తయారుచేయడానికే ఎంతో కాలం పట్టేది. ఇరాక్ ఎడారి చదునుగా ఉండి పోల్చుకోవడానికి గుర్తులు దొరకకపోవడం కూడా అప్పట్లో ఒక తలనొప్పి. ఇప్పుడు అదే పని చేతిలో పట్టే కంప్యూటర్ చిప్ చేస్తుంది. ఉపగ్రహ చిత్రాలు ఎవరికైనా దొరుకుతాయి. ముందువైపు బొమ్మలో ట్యాంకును గుర్తుపట్టి, చివరి కొన్ని వందల మీటర్లు తానే నడుపుకునే చిన్న డ్రోన్లు ఉక్రెయిన్ యుద్ధరంగంలో రెండు పక్షాల దగ్గరా ఉన్నాయి. ఆ చివరి భాగంలో ఆపరేటర్‌తో సంబంధం తెగిపోయినా దానికి నష్టం లేదు. జామర్ సాధారణంగా ట్యాంకు మీదే ఉంటుంది, అంటే అది బలంగా పనిచేసేది కూడా సరిగ్గా ఆ చివరి భాగంలోనే. అక్కడే ఆపరేటర్‌తో సంబంధం అవసరం లేకుండా పోయింది.

ఇక ఆప్టికల్ ఫైబర్ డ్రోన్లు. 2024 నుంచి ఇవి విరివిగా కనిపిస్తున్నాయి. డ్రోన్ వెనుక సన్నని గాజు తీగ చుట్ట ఉంటుంది. ఎగిరేకొద్దీ అది విప్పుకుంటూ పోతుంది. మొదట 10 కిలోమీటర్ల చుట్టలు, తర్వాత 20 దాటినవీ వచ్చాయి. ఆపరేటర్‌కు బొమ్మ తీగలోంచే వస్తుంది, ఆదేశం తీగలోంచే పోతుంది. గాలిలోకి ఏ రేడియో తరంగమూ పంపదు కాబట్టి దాన్ని జామ్ చేయలేం, తరంగాలను బట్టి కనిపెట్టనూ లేం. దీనికి ఇప్పటికి దొరికిన మందులు చాలా పాతకాలపువి. దారుల పొడవునా స్తంభాలు పాతి చేపల వలలు కడుతున్నారు, సైనికుల చేతికి షాట్‌గన్లు ఇస్తున్నారు. 2025 జూన్ 1న ఉక్రెయిన్ చేసిన స్పైడర్ వెబ్ దాడి ఇంకో గుణపాఠం. లారీల మీద దాచి రష్యా లోపలికి తీసుకెళ్లిన 117 డ్రోన్లు వైమానిక స్థావరాల పక్క నుంచే లేచాయి, రష్యా మొబైల్ నెట్‌వర్క్‌నే వాడుకున్నాయని వార్తలు వచ్చాయి. సరిహద్దులో ఎన్ని రాడార్లు ఉంటే మాత్రం ఏం లాభం?

విమానాలను వెంటాడే క్షిపణుల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. అవి లక్ష్యం ఇప్పుడు ఉన్న చోటికి పోవు, ఉండబోయే చోటికి పోతాయి. మీరు బండి మీద కూడలి వైపు వెళుతున్నప్పుడు పక్క రోడ్డు మీద వస్తున్న లారీ మీ కంటికి ఎప్పుడూ ఒకే దిక్కులో కనిపిస్తూ, అంతకంతకూ పెద్దదవుతూ ఉంటే ఢీకొట్టడం ఖాయం. క్షిపణి కావాలని చేసేది అదే. లక్ష్యం వైపు చూపు తిరగకుండా చూసుకుంటుంది. చూపు ఎంత వేగంగా తిరిగితే, దానికి మూడు నుంచి ఐదు రెట్ల వేగంతో తన దారిని తిప్పుకుంటుంది. దీన్ని ప్రపోర్షనల్ నావిగేషన్ అంటారు. దూరం ఎంతో తెలియకపోయినా, ఇంజను వేడి ఏ దిక్కున ఉందో తెలిస్తే చాలు. 1950లలో వచ్చిన సైడ్‌వైండర్ క్షిపణి అంత చిన్న మెదడుతో పనిచేయగలిగింది ఇందుకే. మన ఆకాశ్ క్షిపణిది ఇంకో పద్ధతి. దాని మొదటి రూపంలో ముక్కులో కన్ను లేదు. నేలమీది రాజేంద్ర రాడార్ లక్ష్యాన్నీ క్షిపణినీ రెంటినీ చూస్తూ ఎటు తిరగాలో ఆదేశాలు పంపుతుంది. ఇందువల్ల క్షిపణి చవకవుతుంది. కానీ ఒక బ్యాటరీ, అంటే ఒక రాడార్, దానితో పనిచేసే లాంచర్ల దళం, ఒకేసారి నాలుగు లక్ష్యాల మీదే పనిచేయగలదు. ఈ ‘ఒకేసారి ఎన్ని’ అన్న ప్రశ్నకు మళ్లీ వస్తాను.

ఇప్పుడు అసలు సంగతి, చూడటం.

భూమి గుండ్రంగా ఉంది. రాడార్ తరంగాలు దాదాపు నేరుగా పోతాయి. యాంటెన్నా 16 మీటర్ల ఎత్తున ఉంది, క్షిపణి 25 మీటర్ల ఎత్తున వస్తోంది అనుకోండి. రెండు ఎత్తుల వర్గమూలాలను కూడి, 4.12తో గుణిస్తే రాడార్‌కు కనిపించే గరిష్ఠ దూరం కిలోమీటర్లలో వస్తుంది. నాలుగు, ఐదు కలిపి తొమ్మిది, ఇంటూ 4.12, అంటే 37 కిలోమీటర్లు. రాడార్ కరపత్రంలో 400 కిలోమీటర్లు అని రాసి ఉన్నా సరే, ఆ క్షిపణి 37 కిలోమీటర్ల దూరం వచ్చేదాకా దానికి కనిపించదు. అడ్డంగా గుట్టలో, చెట్లో, మేడలో ఉంటే ఇంకా తక్కువ. సెకనుకు 250 మీటర్లు పోయే క్రూయిజ్ క్షిపణి ఆ 37 కిలోమీటర్లను రెండున్నర నిమిషాల్లో దాటేస్తుంది. ఆ లోపు గుర్తించాలి, మనదా పరాయిదా తేల్చాలి, ఎవరు కొట్టాలో నిర్ణయించాలి, క్షిపణి వదలాలి, అది అక్కడికి చేరాలి. బ్రహ్మోస్ లాగా శబ్దవేగానికి రెండు రెట్లకు పైగా వేగంతో నీటికి ఆనుకుని వచ్చేదైతే నిమిషం కూడా మిగలదు.

డ్రోన్‌కు ఆ వేగం లేదు. షాహెద్ గంటకు 185 కిలోమీటర్లే పోతుంది. దాన్ని ఆపడం తేలిక కావాలి కదా? ఇక్కడ వేరే ఇబ్బంది ఉంది. రాడార్ చూసే దూరం లక్ష్యం పరావర్తన వైశాల్యపు (అది రాడార్‌కు ఎంత పెద్దదిగా కనిపిస్తుందో ఆ కొలత) నాలుగో మూలాన్ని బట్టి తగ్గుతుంది. చదరపు మీటరు లక్ష్యాన్ని 100 కిలోమీటర్ల దూరంలో చూసే రాడార్, అందులో వందో వంతు ఉన్న చిన్న క్వాడ్‌కాప్టర్‌ను సుమారు 32 కిలోమీటర్ల దూరంలో చూస్తుంది. సూత్రం ప్రకారం ఇది పర్వాలేదు. చిక్కంతా ఆ పరిమాణంలో పక్షులు కూడా ఉండటమే. పాత రాడార్లలో నెమ్మదిగా కదిలేవాటిని తెర మీద నుంచి తొలగించే జల్లెడలు ఉంటాయి. చెట్ల కదలికలు, రోడ్ల మీది వాహనాలు, కొంగల గుంపులు అన్నీ కనిపిస్తే ఆపరేటర్‌కు పిచ్చెక్కుతుంది కాబట్టి అవి కావాలని పెట్టినవే. జల్లెడ బిగిస్తే డ్రోన్ కూడా పోతుంది. వదులు చేస్తే తెర నిండా చుక్కలే. పక్షికీ డ్రోన్‌కూ తేడా పట్టించేది ప్రొపెల్లర్. తిరిగే రెక్కలు తిరుగు సంకేతంలో ప్రధాన గీతకు ఇరువైపులా సన్నని, క్రమమైన గీతలను చేరుస్తాయి. పక్షి రెక్కలు ఆడించినప్పుడు వచ్చే ఆకారం నెమ్మదిగా ఊగుతుంది. దగ్గర దూరంలో ఈ తేడా స్పష్టంగా కనబడుతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ సన్నని గీతలు రొదలో కలిసిపోతాయి. నిర్ణయం తీసుకోవలసింది మాత్రం దూరంగా ఉన్నప్పుడే. మా పనిలో నిద్ర లేని రాత్రులు చాలావరకు ఈ గీతల కోసమే.

చూడటం ఎంత ముఖ్యమో రెండు సంఘటనలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 2019 సెప్టెంబరు 14న సౌదీ అరేబియాలోని అబ్‌కైక్, ఖురైస్ చమురు కేంద్రాల మీద డ్రోన్లు, క్రూయిజ్ క్షిపణులు దాడి చేశాయి. ఆ దేశానికి విమానాలనూ క్షిపణులనూ కూల్చే అమెరికా పేట్రియట్ వ్యవస్థలు ఉన్నాయి, డబ్బుకు కొదవ లేదు. అయినా కింది ఎత్తులో, అనుకోని దిక్కు నుంచి వచ్చినవాటిని అడ్డుకోలేకపోయింది. ఆ ఒక్క రోజుతో సౌదీ చమురు ఉత్పత్తి దాదాపు సగానికి పడిపోయింది. 2024 ఏప్రిల్ 13 రాత్రి ఇరాన్ ఇజ్రాయెల్ మీదికి అదే తరహా డ్రోన్లను 170 దాకా, వాటితోపాటు క్రూయిజ్, బాలిస్టిక్ క్షిపణులను పంపింది. డ్రోన్లు దారిలో ఉండగానే ప్రపంచమంతా ఆ వార్త చూసింది. గంటల వ్యవధి దొరికింది. యుద్ధవిమానాలు ఎదురెళ్లి కూల్చాయి. ఒక్క డ్రోన్ కూడా తమ భూభాగంలోకి రాలేదని ఇజ్రాయెల్ ప్రకటించింది. రెండు చోట్లా ఆయుధాలు ఇంచుమించు ఒకే తరహావి. అబ్‌కైక్‌లో లేనిది, ఇజ్రాయెల్‌కు దొరికినది ముందస్తు సమాచారం.

ఉక్రెయిన్ ఈ పాఠాన్ని చవకగా అమలుచేసింది. దేశమంతటా స్తంభాల మీద మైకులు, మొబైల్ ఫోన్లు వేలకొద్దీ అమర్చింది. షాహెద్ ఇంజను మోత వినగానే ఏ స్తంభం ఎప్పుడు విన్నదో కలిపి చూసి దాని దారి గీస్తారు. తర్వాతి జిల్లాలో ట్రక్కు మీద మెషీన్‌గన్‌తో ఉన్న బృందం చేతిలోని టాబ్లెట్‌కు ఆ దారి చేరుతుంది. 2024లో అమెరికా వాయుసేన ఐరోపా దళాధిపతి దీన్ని బహిరంగంగా మెచ్చుకున్నారు. నాకు ఈ యుద్ధంలో అన్నిటికంటే గౌరవం కలిగించిన ఇంజనీరింగ్ పని ఇదే.

ఇక డబ్బు. షాహెద్ ధర 20 వేల నుంచి 50 వేల డాలర్ల మధ్య అని అంచనాలు. పేట్రియట్‌లో వాడే కొత్త రకం క్షిపణి ఒక్కోటి సుమారు 40 లక్షల డాలర్లు. వచ్చినదాని ధరకు వంద రెట్లు పెట్టి కూల్చడం అన్నమాట. పైగా అలాంటి క్షిపణులు ప్రపంచం మొత్తంలో ఏడాదికి వందల్లోనే తయారవుతాయి. 2025 సెప్టెంబరు 7 ఒక్క రాత్రే రష్యా 800కు పైగా డ్రోన్లు పంపింది. అందులో కొన్ని నురుగుతో, ప్లైవుడ్‌తో చేసిన గెర్బెరా అనే నకిలీలు. వాటిలో చాలావాటికి పేలుడు పదార్థం ఉండదు. కానీ రాడార్ తెర మీద ఏది నకిలీయో తెలియదు, అన్నిటినీ పట్టించుకోవలసిందే. ఇంతకుముందు చెప్పిన ‘ఒకేసారి ఎన్ని’ అన్న ప్రశ్న ఇక్కడ గొంతు పట్టుకుంటుంది. ఒక బ్యాటరీ ఒకేసారి నాలుగింటిని ఎదుర్కోగలిగితే దాడి చేసేవాడు పది పంపిస్తాడు. అవి బ్యాటరీని ఖాళీ చేశాక అసలు బాలిస్టిక్ క్షిపణి వస్తుంది.

ఆపరేషన్ సిందూర్‌లో మనవాళ్లు దీన్ని సరిగ్గా అర్థం చేసుకున్నారనే నా అభిప్రాయం. 2025 మే 8 రాత్రి లేహ్ నుంచి సర్ క్రీక్ దాకా 36 చోట్లకు 300 నుంచి 400 డ్రోన్లు వచ్చాయని ప్రభుత్వం ప్రకటించింది. మన రక్షణను పరీక్షించడం, నిఘా సమాచారం సేకరించడం ఆ డ్రోన్ల ఉద్దేశం కావచ్చని ఆ ప్రకటనలోనే ఉంది. వీటి మీద ఖరీదైన ఎస్-400 క్షిపణులు ఖర్చుపెట్టడం తెలివితక్కువ పని అయ్యేది. దశాబ్దాల నాటి ఎల్-70, జెడ్‌యూ-23, షిల్కా ఫిరంగులు ముందుకొచ్చాయి. మూలన పడేయవలసినవని కొందరు అన్న ఫిరంగులు అవి. వాటికి కొత్త కళ్లు అమర్చి, ఆకాశ్‌తీర్ అనే నియంత్రణ వ్యవస్థతో కలిపారు. వేర్వేరు రాడార్ల సమాచారం ఒకే చిత్రంగా మారి, ఏ లక్ష్యం ఎవరి వాటానో త్వరగా తేలడం ఆ వ్యవస్థ చేసే పని. పెద్ద క్షిపణులకు వచ్చిన పేరులో సగమైనా దీనికి రాలేదు.

లేజర్ల మీద చాలామందికి ఆశ ఉంది. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి పరీక్షా కేంద్రంలో డీఆర్‌డీవో వాహనం మీద అమర్చిన 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చి చూపించింది. దాన్ని రూపొందించింది డీఆర్‌డీవోకే చెందిన, హైదరాబాద్‌లోని చెస్ (CHESS) ప్రయోగశాల. ఒక్కో కాల్పుకు ఖర్చు విద్యుత్తు మాత్రమే కాబట్టి డబ్బు లెక్క తలకిందులవుతుంది. గర్వించదగ్గ విజయం ఇది, అందులో సందేహం లేదు. అయితే లేజర్ ఒకే బిందువు మీద కొన్ని సెకన్లు కదలకుండా నిలబడాలి. ఒకదాని పని ముగించాకే ఇంకోదాని వైపు తిరుగుతుంది. పొగమంచు, వాన, దుమ్ము దాని శక్తిని తినేస్తాయి. డిసెంబరులో పంజాబ్ సరిహద్దులో తెల్లవారుజామున ఎంత మంచు ఉంటుందో చూసినవాళ్లకు నేను వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి లేజర్ ఫిరంగి పక్కన ఉండాలి, దాని స్థానంలో కాదు.

ఈ దేశంలో డ్రోన్ల నుంచి రక్షణకు ఖర్చుపెట్టే ప్రతి వంద రూపాయల్లో నా చేతిలో ఉంటే యాభైకి పైగా చూసే పరికరాలకు, వాటిని కలిపే వ్యవస్థలకు పెడతాను. చిన్న రాడార్లు ఎక్కువ సంఖ్యలో, మైకులు, కెమెరాలు, రేడియో తరంగాలను నిశ్శబ్దంగా వినే రిసీవర్లు. ఒక రకం చూడలేనిది ఇంకో రకం చూస్తుంది. తర్వాత తుపాకులు, దగ్గరకు రాగానే పేలే గుండ్లు, డ్రోన్లను గుద్ది కూల్చే చవకైన డ్రోన్లు. జామర్లు తప్పకుండా ఉండాలి, అవి చవకగా దొరికే డ్రోన్లలో పెద్ద భాగాన్ని వడపోస్తాయి. పెద్ద క్షిపణులను పెద్ద ముప్పులకే దాచుకోవాలి. శుద్ధి కర్మాగారాలు, విద్యుత్ కేంద్రాల యాజమాన్యాలు ఒక జామర్ కొని పైకప్పు మీద పెట్టి నిశ్చింతగా ఉండటం నాకు భయం కలిగిస్తుంది. అమ్మేవాళ్లను ముందుగా అడగవలసింది ‘ఎంత దూరం జామ్ చేస్తుంది’ అని కాదు. ‘రేడియో నిశ్శబ్దంగా వచ్చే డ్రోన్‌ను ఇది ఎలా కనిపెడుతుంది’ అని అడగండి. జవాబు దొరకకపోతే, మీరు కొంటున్నది రక్షణలో నాలుగో వంతే.

మీ చివరి ప్రశ్న, ఏం చదవాలని. సిగ్నల్ ప్రాసెసింగ్, సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా పట్టుకోండి. ఈ రంగంలో ఎక్కడికి వెళ్లినా కాల్మన్ ఫిల్టర్ ఎదురవుతుంది. 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ఇచ్చిన ఈ పద్ధతి, తప్పులున్న రెండు సమాచారాలను వాటి నమ్మకాన్ని బట్టి కలిపి, రెంటికంటే మెరుగైన అంచనా ఇస్తుంది. క్షిపణిలో ఇనర్షియల్ లెక్కనూ జీపీఎస్ లెక్కనూ కలిపేది అదే. జీపీఎస్ అబద్ధమాడుతోందని అనుమానించేదీ అదే. రాడార్‌లో చెదురుమదురు చుక్కలను ఒక దారిగా మార్చేదీ అదే.

మొదలుపెట్టడానికి ప్రయోగశాల అక్కర్లేదు. మీ ఫోనును బల్ల మీద కదలకుండా పెట్టి, యాక్సిలరోమీటరు అంకెలను నిమిషం పాటు నమోదుచేసే ఉచిత యాప్ ఒకటి వాడండి. భూమ్యాకర్షణను తీసేసి, మిగిలినదాన్ని రెండుసార్లు సమాకలనం చేయండి. కదలని ఫోను పదుల మీటర్లు ప్రయాణించినట్లు లెక్క వస్తుంది. ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టండి, గదిలో వేడి మారితే అది ఎలా మారుతుందో చూడండి, ఆ తర్వాత కాల్మన్ ఫిల్టర్ రాసి దాన్ని తగ్గించండి. వచ్చిన గ్రాఫులు ఇక్కడే పెడితే నేను చూసి చెబుతాను.